ఉప్పుబొమ్మల రేవు

క్షారద్వీపం మీద అడుగు పెట్టిన స్త్రీ ఏడాది తిరిగేలోగా ఉప్పుబొమ్మ అవుతుందని కుంభోదయ రాజ్యంలో అందరికీ తెలుసు. ఉగ్గుపాలు పట్టే తల్లులకు తెలుసు, చావడిలో చుట్ట కాల్చే ముసలివాళ్ళకు తెలుసు, మహారాజు కొలువులోని ఎనిమిది మంది పండితులకు ఇంకా బాగా తెలుసు. ఎలా తెలుసని అడిగితే ఓడవాళ్ళు చూశారని చెప్పేవారు. ఓడవాళ్ళను అడిగితే దూరం నుంచి చూశామని చెప్పేవారు. దగ్గరకు వెళ్ళి చూసినవారెవరని అడగడం మర్యాద కాదు గనుక ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

నేరం చేసిన పురుషుణ్ణి గనులకు, స్త్రీని క్షారద్వీపానికి పంపడం ఆ రాజ్యపు శాసనం. శిక్ష ఏడేళ్ళు. ఏడేళ్ళు నిండిన మరునాడు ఆమెను ఓడ ఎక్కించి ఇంటికి చేర్చాలని కూడా అదే శాసనం చెబుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. మనిషికి బదులుగా ఇంటికి ఒక మోదుగాకు పొట్లం వచ్చేది. అందులో గుప్పెడు ఉప్పు ఉండేది. ఉత్తరక్రియలు దానితోనే జరిపించుకోవాలి.

అద్దకపువాడలో చెంగల్వ అనే యువతికి అటువంటి పొట్లం ఒకటి అందింది. అది ఆమె అక్క నాగవల్లి అని రేవు గుమాస్తా చెప్పాడు.

నాగవల్లి చేసిన నేరం చిన్నది. రాజకుటుంబానికి మాత్రమే చెల్లే అరుణవర్ణాన్ని నలభై ఏళ్ళపాటు అద్దుతూ, ఆ రంగు గుడ్డను ఒక్కనాడైనా ఒంటిమీద వేసుకోని తల్లి చనిపోయినప్పుడు, ఆమె మీద కప్పడానికి నాగవల్లి ఒక్క గుడ్డకు ఆ ఎరుపు అద్దింది. అంతే. శవం కాటికి చేరకముందే భటులు వచ్చారు.

చెంగల్వ ఏడవలేదు. పొట్లంలోని ఉప్పును ఇత్తడి చెంబెడు నీళ్ళలో వేసి కలిపింది. పూర్తిగా కరిగిపోయింది. అడుగున పిసరంత మడ్డి కూడా మిగల్లేదు. రంగుల తొట్ల మధ్య పెరిగిన పిల్లకు ఏది నీటిలో కరుగుతుందో, ఏది కరగదో ఒకరు చెప్పనక్కరలేదు. మనిషిలో ఎముకలుంటాయి. ఎముక కరగదు.

వారం తిరగకుండా ఆమె తన చీరకు అరుణవర్ణం అద్దుకుని, పట్టపగలు కోట సింహద్వారం ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచింది. నాలుగోసారి నడవవలసిన అవసరం కలగలేదు.

ఆ విధంగా చెంగల్వ మరి ముప్పై తొమ్మిది మంది స్త్రీలతో కలిసి మకరముఖి అనే ఓడ అడుగు గదిలో కూర్చుంది. నలభై మంది కాలి కడియాల గుండా ఒకే పొడవాటి గొలుసు దూర్చి, రెండు కొసలనూ ఓడ వెన్నుదూలానికి బిగించారు. ఎదుటి వారగా, ఒక గుంజకు మోకులతో కట్టిన తొమ్మిది తాటిమొద్దులు పేర్చి ఉన్నాయి.

"ఉప్పయిపోయే ఊర్లో ఇల్లు కట్టుకునేదెవులే?" అంది పక్కనున్న పోలమ్మ అనే ముసలావిడ. ఆమె ఒక జమీందారు గారి తాంబూలం ఉమ్మే వెండి తమ్మపడిగ దొంగిలించి వచ్చింది. దొంగిలించినందుకు కాదు, దాన్ని కడిగి అందులో గంజి తాగినందుకు తనకు శిక్ష పడిందని చెప్పుకునేది.

"ఇంటికి కాదేమో అవ్వా. అన్నీ ఒకే కొలతకు కోశారు, చూడు," అంది చెంగల్వ. "సరిగ్గా నా ఎత్తు."

"అయితే నీకు సంబంధం చూసినారే. తొమ్మిది మంది పెళ్ళికొడుకులు!"

ఆ మాటకు మూడు రోజులుగా ఏడుస్తున్న వాళ్ళు కూడా నవ్వారు.

పదిహేడవ రోజు మధ్యాహ్నం పెళ్ళికొడుకులు కదిలారు. ఆకాశం రాగి చెంబు అడుగులా నల్లబడింది. గాలి తెరచాపను ఒక్క ఊపున చీల్చింది. ఏనుగంత అల ఒకటి మకరముఖిని పక్కకు పడదోసింది. మోకులు పటపట తెగాయి. తొమ్మిది తాటిమొద్దులు ఒకదానిమీద ఒకటి దొర్లుతూ, సంకెళ్ళలో ఉన్న నలభై మంది మీదికి వచ్చాయి.

"కాళ్ళు పైకి!" అని అరిచింది చెంగల్వ. మొదటి మొద్దు అప్పటికే పోలమ్మ మోకాలిని తాకి, గోడకు కొట్టుకుని ఆగింది. ఓడ అటు ఒరిగింది. మొద్దులన్నీ వెనక్కి దొర్లాయి. మళ్ళీ ఇటు ఒరిగేవరకు పదిసార్లు ఊపిరి పీల్చేంత వ్యవధి ఉంది.

"గొలుసు వదులు చెయ్యండి! అందరూ నా వైపు జరగండి! ఆ వదులును మొద్దుల మీదికి విసరండి, గుంజకు మెలిపెట్టండి!"

"కాలికున్న గొలుసే తల్లీ, చేతికున్నది కాదు!" అని ఎవరో ఏడ్చారు.

"కాలితోనే విసురు!"

నలభై కాళ్ళు ఒక్కసారి లేచాయి. ఇనుప గొలుసు పాములా ఎగిరి మొద్దుల మీద పడింది. ఓడ ఇటు ఒరిగేసరికి నలభై మంది వెల్లకిలా పడుకుని, మడమలు నేలకు తన్నిపట్టి లాగారు. మొద్దులు జానెడు దూరంలో ఆగాయి. ఆ జానెడు దూరాన్ని వాళ్ళు గాలివాన తగ్గేదాకా, కడియాల కింద చర్మం ఊడిపోతున్నా, వదలకుండా కాపాడుకున్నారు.

వాన వెలిసిన తరువాత నావాధిపతి వరాహసేనుడు పైతలుపు తెరిచి తొంగి చూశాడు. "మొద్దులు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"కులాసా బాబూ!" అని బదులిచ్చింది పోలమ్మ. "ఆడోల్లు కూడా ఉన్నారిక్కడ. ఆల్ల సంగతి తీరికైనప్పుడు అడుగుదువులే."

తలుపు మూసుకుంది. గదిలో ఎవరూ నవ్వలేదు. ప్రయాణం మొత్తంలో తమకంటె ఎక్కువ విలువైన సరుకు ఏదో ఆ ప్రశ్నతో అందరికీ తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

ఇరవై రెండో రోజు ఉదయం క్షారద్వీపం కనిపించింది.

వెన్నెల గడ్డకట్టి నీటిపై తేలుతున్నట్లున్నదా ద్వీపం. తీరమంతా పరచుకున్న ఉప్పుమళ్ళు వేయి అద్దాలై సూర్యుణ్ణి వేయి ముక్కలుగా చూపిస్తున్నాయి. వాటి వెనుక ఎద్దు మూపురంలా ఒక తెల్లని గుట్ట. ఆ గుట్టను చుట్టి వచ్చే సెలయేరు సముద్రంలో కలిసేచోట మాత్రం నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నెత్తురు!" అని కేకవేసింది ఒక స్త్రీ.

చెంగల్వ ఆ నీటి వైపు చాలాసేపు చూసింది. నెత్తురు నీటిలో అంతసేపు ఎర్రగా నిలవదు. గోధుమరంగుకు తిరుగుతుంది. అలా నిలిచే ఎరుపు లోకంలో ఆమెకు ఒక్కటే తెలుసు. ఇసుకనేలలో పెరిగే చిరివేరును దంచి, కాచి తీసే ఎరుపు. అమ్మ చేతి ఎరుపు.

రేవులో వాళ్ళను ఆహ్వానించినవి ఉప్పుబొమ్మలే. అరవై మూడు బొమ్మలు రెండు వరుసలుగా నిలిచి ఉన్నాయి. తల నుంచి పాదం దాకా స్ఫటికాలు తొడిగిన రూపాలు. చీర మడతల్లో వజ్రాల పొడి, కొంగుల చివర ముత్యాల జల్లు. ముఖాల స్థానంలో కన్నూ ముక్కూ లేని తెల్లని తళుకు. ఒక్కొక్క బొమ్మ నెత్తిన ఒక్కొక్క తాటాకు గొడుగు. బొమ్మలకు అవతల నేలమీద గవ్వసున్నంతో పొడుగాటి తెల్లని గీత గీసి ఉంది.

కొందరు స్పృహ తప్పారు. పోలమ్మ మాత్రం గొడుగుల వైపు చూసి, కావలివాడిని అడిగింది. "ఉప్పయిపోనాక కూడా ఎండ తగలకూడదేటి నాయనా?"

"ఎండకు కాదు, వానకు. తడిస్తే కరిగిపోరూ?" అన్నాడు వాడు చాలా గౌరవంగా. వాడు బొమ్మలను నమ్ముతాడు. ఏటా గొడుగులు మార్చేది వాడే.

అప్పుడు గుట్టమీది నుంచి శంఖం మోగింది. జడలు కట్టిన తెల్లని జుట్టుతో, మోచేతుల దాకా ఉప్పు పూతతో, చేతిలో స్ఫటికదండంతో క్షారభైరవుడు దిగి వచ్చాడు. ఆ ద్వీపానికి అధికారి అతడే, మాంత్రికుడూ అతడే.

"వనితలారా, వినుడు!" అన్నాడు ఉరుము వంటి గొంతుతో. "ఇది లవణేశ్వరీదేవి క్షేత్రము. మీ చీరలను దేవికి సమర్పించి, ఈ గోనెవస్త్రములను ధరింపుడు. పగలెల్ల ఉప్పుమళ్ళలో సేవ చేయుడు. ఈ శ్వేతరేఖను దాటినను, ఈ మూర్తులను తాకినను, ఆ క్షణముననే మీరును లవణమగుదురు!"

గొలుసు ఊడదీశారు. చీరలు గంపల్లోకి చేరాయి. పేర్లు పిలుస్తూ ఉండగా చెంగల్వ పేరు దగ్గర క్షారభైరవుడు ఆగాడు.

"అద్దకపువాడయా? నాగవల్లి నీకేమగును?"

"అక్క."

"అదిగో నీ అక్క." దండం రెండో వరుసలో మూడో బొమ్మను చూపింది. "చూచి తరింపుము. దూరము నుండియే!"

చెంగల్వ పది అడుగుల దూరంలో నిలబడింది. స్ఫటికాల కింద చీర అంచు మసకగా కనిపిస్తోంది. అంచున మామిడిపిందెల అచ్చు. ప్రతి అయిదో పిందెకు తోక లేదు. ఆ కొయ్య అచ్చును పన్నెండేళ్ళ వయసులో చెక్కింది చెంగల్వే. ఉలి జారి తోక విరిగితే, అక్క తిట్టకుండా ఆ అచ్చుతోనే తన చీర అద్దుకుంది. సందేహం లేదు. అది నాగవల్లి చీరే.

చెంబెడు నీళ్ళలో కరిగిన ఉప్పు, తన తర్కం, తన సాహసం అన్నీ ఒక్క క్షణం పిచ్చితనంగా తోచాయి. అప్పుడు ఆమె కొంగును చూసింది.

కొంగు ఎడమ భుజం మీద ఉంది.

అద్దకపువాడలో కుడిచెయ్యి అన్నానికి, ఎడమచెయ్యి రంగుకు. ఎడమచేత్తో నూలు ముంచేవాళ్ళకు ఆ భుజం మీద కొంగు ఉంటే తొట్టిలో పడుతుంది. అందుచేత ఆ వాడలో ఆడపిల్లకు మొదటి ఓణీ నాటి నుంచి పైట కుడిభుజం మీదనే. పెళ్ళిలోనూ అంతే, పాడె మీదనూ అంతే. మంత్రం మనిషిని ఉప్పు చేయగలదని ఒప్పుకున్నా, పైట మార్చి కట్టవలసిన అవసరం మంత్రానికి ఏముంది? ఈ చీరను అక్క కట్టుకోలేదు. ఎవరో ఎదురుగా నిలబడి కట్టారు. ఆ వాడ ఆచారం తెలియనివాడు లోకమంతా కట్టినట్లే ఎడమ భుజం మీద వేశాడు.

ఆ బొమ్మల వెనుక ఏముందో చూసి తీరాలి.

కొత్తగా వచ్చిన నలభై మందినీ ఉప్పుమళ్ళలో పనికి దింపారు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. కావలివాళ్ళు అన్నాలకు కూర్చున్నారు. చెంగల్వ ఉప్పు పోగులచాటున పాకుతూ బొమ్మల వరుస వెనక్కి చేరింది. అక్కడ గోతిలో ఒక పెద్ద తొట్టి. దానిలో చిక్కని ఉప్పునీరు. నీటిలో వేలాడుతున్న రెండు చీరలకు అప్పుడే మినపగింజలంత పలుకులు పట్టాయి. ఆమెకు నవ్వు వచ్చింది. పటికనీళ్ళ తొట్టిలో నూలుపోగు మరిచిపోతే మర్నాటికి ఇలాగే పలుకులు కడతాయని, అందుకే మరిచిపోకూడదని, అక్క ఎన్నిసార్లు నెత్తిన మొట్టిందో!

అంతలో అడుగుల చప్పుడు. పరుగెత్తడానికి చోటు లేదు. వరుస చివర, కొత్త బొమ్మ కోసం నాటిన గొడుగు ఒకటి ఖాళీగా ఉంది. చెంగల్వ తొట్టిలోని చీరను లాగి, తలమీదుగా నిలువెల్లా కప్పుకుని, గొడుగు కింద నిలబడిపోయింది.

ఇద్దరు కావలివాళ్ళు వచ్చారు.

"అరవై ఒకటి... అరవై రెండు... అరవై మూడు..." వేలు ఆగింది. "అరవై నాలుగు."

"నీకు లెక్క రాదు. మళ్ళీ చూడు."

"మళ్ళీ చూసినా అంతేరా బావా! పొద్దున్న అరవై మూడు. అమ్మోరు ఇప్పుడే ఒకదాన్ని పట్టేసింది. ఇంకా తడి ఆరలేదు, చూడు, నీళ్ళు కారుతున్నాయి!"

"అయ్యగారికి చెబుదాం పద."

"నువ్వెళ్ళు. ఈవిడ దగ్గర నేనుంటా."

"నేనెళ్ళను. ఈవిడ దగ్గర నేనూ ఉండను."

ఉప్పునీరు చెంగల్వ కళ్ళలోకి కారింది. ఆమె కదల్లేదు. ఒక పీత పాదమెక్కి వేళ్ళను పరీక్షించి దిగిపోయింది. అప్పుడూ కదల్లేదు. ముక్కులోకి పొడి ఉప్పు వెళ్ళింది. ఏడు సముద్రాలనూ దాటగల పట్టుదలకు కూడా ముక్కు లొంగదు. ఉప్పుబొమ్మ బిగ్గరగా తుమ్మింది.

ఈటెలు రెండూ నేలమీద పడ్డాయి. "అమ్మోరు తుమ్మింది! అమ్మోరు తుమ్మింది!" అని అరుస్తూ కావలివాళ్ళు రేవంతా పరుగెత్తారు. ఉప్పుమళ్ళలోని స్త్రీలు పనిముట్లు వదిలి లేచారు. మిగిలిన భటులు పడవల వైపు పారిపోయారు.

ఒక్కడు మాత్రం పారిపోలేదు. క్షారభైరవుడు దండం ఎత్తుకుని నేరుగా బొమ్మల వైపు వచ్చాడు. "మూర్ఖులారా! ఉప్పు ఎక్కడైనా తుమ్ముతుందట్రా? పట్టుకోండి దాన్ని!" అన్నాడు. గ్రాంథికం ఎక్కడ జారిపోయిందో అతడికే తెలియలేదు.

రేవు మొత్తంలో ఆ వదంతిని నమ్మనివాడు అతడొక్కడే. దాన్ని పుట్టించినవాడు గనుక నమ్మలేదు.

చెంగల్వ తడి చీరను అతడి ముఖాన విసిరి పరుగు తీసింది. ఉప్పుమడి గట్టున పడి ఉన్న పారను అందుకుంది. రెండో వరుస. ఒకటి, రెండు, మూడో బొమ్మ.

"తాకితివా, లవణమగుదువు!" గ్రాంథికం తిరిగి వచ్చింది.

ఆమె పారను రెండు చేతులా ఎత్తి, బొమ్మ భుజం మీద వేసింది. మొదటి దెబ్బకు స్ఫటికాలు రాలాయి. రెండో దెబ్బకు పెచ్చు విడిచింది. మూడో దెబ్బకు తల నుంచి నడుము దాకా పెద్ద పొరలా ఊడి నేలమీద పడి ముక్కలైంది.

ఎముక లేదు. మాంసం లేదు. చీర చుట్టిన తాటిమొద్దు ఉంది.

పోలమ్మ కుంటుకుంటూ వచ్చి, మొద్దును ముందు వేలితో పొడిచింది, తరువాత అరచేత్తో నిమిరింది. "నా మోకాలు ఇరగ్గొట్టినోడికి అన్నయ్యే ఈడు!" అంది. ఆ పైన గొంతు మారింది. "మరైతే ఆ ఆడపిల్లలేరి రా? అరవై మూడు మంది పిల్లలు ఏరి?"

క్షారభైరవుడు తెల్లగీత మీద నిలబడి దండం అడ్డంగా చాచాడు. "ఈ గీత దాటిన మొదటి స్త్రీ భస్మమగును!"

"ఇందాక ఉప్పన్నావు," అంది పోలమ్మ. "ఏదో ఒకటి తేల్చుకో." గోనెగుడ్డ మోకాళ్ళ పైకి ఎగదోపి, దెబ్బ తగిలిన కాలునే ముందుగా గీత అవతల పెట్టింది. కాలు కాలులాగే ఉంది. తరువాత రెండో కాలు.

ఆమె వెనుక ముప్పై తొమ్మిది మంది కదిలారు. దండం ఎవరి చేతిలో విరిగిందో ఎవరూ గమనించలేదు.

వెనుక మకరముఖి మీద కొమ్ము ఊదుతున్నారు. వరాహసేనుడి మనుషులు కత్తులు, విల్లులు పట్టుకుని తీరానికి దిగుతున్నారు. అమ్మవారి తుమ్ముకు భయపడవలసిన పని లేదని వాళ్ళకు ఈసరికి తెలిసింది. స్త్రీలు గుట్ట కిందికి చేరేసరికి మొదటి బాణం చెంగల్వ చెవి పక్కగా పోయి ఉప్పులో దిగింది. రెండోది ఆమె గోనెగుడ్డను చీల్చింది. ఆమె చేతులతో, మోకాళ్ళతో గుట్ట ఎక్కింది. మొనదేలిన ఉప్పుగడ్డలు అరచేతులను కోశాయి. శిఖరం చేరి అవతలికి చూసింది.

లోయ నిండా పొగ. పొగ కింద వరుసలుగా తొట్లు. తొట్ల చుట్టూ, రాజముద్ర వేసిన దుంగలకు కట్టి ఆరవేసిన ఎర్రని నూలు, కోసుల పొడుగునా. సెలయేరు అక్కడే పుట్టి అక్కడే ఎర్రబడుతోంది. చచ్చినవాళ్ళుగా రాసేసిన మనుషులను ఎవరూ తిరిగి పంపనక్కరలేదు, వాళ్ళ కోసం ఎవరూ అడగరు. గోనెబట్టలు కట్టుకున్న స్త్రీలు కొమ్ము ధ్వనికి తలలెత్తి గుట్టవైపు చూస్తున్నారు. వాళ్ళు ముప్పై ఏళ్ళుగా ఉప్పయిపోయినవాళ్ళు. కొందరి తలలు నెరిసి ఉన్నాయి.

అన్నిటికంటె దగ్గరి తొట్టి ముందు ఉన్న స్త్రీ మాత్రం తల ఎత్తలేదు. పోగు చెడకుండా నూలు పైకి తీసేదాకా తల ఎత్తడం ఆమెకు అలవాటు లేదు. ఎడమచేత్తో నూలు ముంచుతోంది. గోనెపైట కుడిభుజం మీద ఉంది.